చివర్న నడిచే ఎర్ర గంఛా

"మామా, రిలాక్స్‌డా, ఫాస్టా? జల్దీ బోలో, యాప్ అడుగుతోంది," అంటూ మా మేనకోడలు పింకీ పోయిన నెల ఫోన్ చేసింది. వాళ్ళమ్మమ్మని, అంటే మా అమ్మని, కాస్త బయట తిప్పాలని ఒక పార్కులో రెండ్రోజులకి గదులు తీసుకుందట. ఏ రైడు తర్వాత ఏ రైడు ఎక్కాలో, ఎక్కడ తినాలో, అంతా ఫోనే చెబుతుందట. కాకపోతే మనం ఏ వేగంలో తిరిగే మనుషులమో ముందు దానికి చెప్పాలి. తీరిగ్గానా, హడావిడిగానా? ఏదో ఒకటి నొక్కెయ్యమ్మా అనేవాణ్ణే. కానీ ఊరికే, ఆ పార్కు ఎక్కడే అని అడిగాను. సువర్ణరేఖ దాటాక, దల్మా కొండలు కనపడే మలుపులో, చాలా ఏళ్ళు మూతపడి ఉన్నదాన్ని ఎవరో కొనుక్కుని కొత్తగా తెరిచారు అంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. "మామా? సో గయే క్యా, నిద్రపోయావా?" అంటోంది అవతల్నించి పింకీ.

నేను అబద్ధాలు చెబుతానని టాటానగర్ పక్కనున్న మా పర్సుడీహ్ బజారంతటికీ తెలుసు. ఖర్కాయి నదిలో నా గాలానికి పడ్డ చేప ఒడియాలో బతిమాలుకుంటే జాలిపడి వదిలేశానని చెప్పి, ఒడియా పెద్దమనిషి చేతే టీ ఇప్పించుకున్నవాణ్ణి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాన్ని ఎవరికి ఎక్కడ కొయ్యాలనిపిస్తే అక్కడ కోసుకోవచ్చు. ఒక్క పులిహోర పొట్లం దగ్గర మాత్రం కత్తెర పెట్టకండి. అది నేను కళ్ళారా చూశాను, చేత్తో ముట్టుకున్నాను.

మా నాన్న సూర్నారాయణ టాటానగర్‌లో గూడ్సు గార్డు. ఇనప ఖనిజం మోసే వేగన్ల బారు చిట్టచివర గదిలాంటి బ్రేక్ వ్యాను ఒకటి ఉంటుంది చూడండి, అందులో ఒంటరిగా కూచుని వెళ్ళేవాడు. లోకంలో గూడ్సు బండికి ఉన్నంత తక్కువ మర్యాద ఇంకెవరికీ ఉండదు. పాసింజరు వస్తే పక్కకి తప్పుకోవాలి, ఎక్స్‌ప్రెస్ వస్తే పక్కకి తప్పుకోవాలి. అలా ఏ సాల్ అడవి మధ్యనో లూపు లైన్లో బండి నిలబడిపోతే, పూటలకి పూటలు ఆ వ్యానులో ఆయనా, ఆయన ఊపిరీ. గాలికి అడ్డూ ఆపూ ఉండదు గనక కాగితమన్నది ఏదైనా సరే నలుచదరంగా మడిచి, మడత మీద గోటితో గీసి, పైన రాయి పెట్టడం ఆయన చేతికి అలవాటైపోయింది. ఇంట్లోనూ అంతే. కూరగాయలు కట్టొచ్చిన కాగితం నించి విభూది పొట్లం దాకా అన్నిటికీ అదే మడత, పైన అదే గులకరాయి. మా క్వార్టర్లో ప్రతి కిటికీ గట్టు మీదా రాళ్ళే. "ఇల్లా ఇది, పట్టాల పక్కన కంకరా?" అని ఊడ్చినప్పుడల్లా అమ్మ విసుక్కునేది. డ్యూటీ దిగి వచ్చాడంటే బొగ్గూ, తుప్పూ, కిరసనాయిలూ కలిసిన వాసన ఆయన కంటే ముందు గుమ్మం దాటేది. కిటికీకి కంబళి వేలాడదీసి పట్టపగలు పడుకునేవాడు. ఆయన నిద్రపోతున్నంతసేపూ అమ్మ కుక్కరు పెట్టేది కాదు, అప్పా నేనూ సైగలతో పోట్లాడుకునేవాళ్ళం. మా వైపు అక్కని అప్ప అంటాం.

ఆ గది గుమ్మంలో కూచునేది మామ్మ, నాన్న వాళ్ళమ్మ. తాత పోయాక శ్రీకాకుళం దగ్గర పల్లె నించి మా దగ్గరికి వచ్చేసింది. చుట్ట కాలుతున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది, అంచేత ఆవిడ మాట్లాడితే మాటతోపాటు సన్నగా పొగ కూడా వచ్చేది. చిన్నప్పుడు నాకు మామ్మ లోపల ఒక ఇంజనుందని నమ్మకం. కానీ నడక మాత్రం ఇంజను నడక కాదు. వాకిట్లోంచి పెరట్లోకి వెళ్ళే లోపల గోడనీ, జామచెట్టునీ, పక్కింటి మేకనీ పలకరించి గానీ వెళ్ళేది కాదు. ఆవిడకి ఈ ఊళ్ళో కావలసింది ఒక్కటే. కొడుకు లేచాక పక్కన కాసేపు కూచోవాలి. "ఒరే సూరీ, ఒక్క గడియ నా కాడ కూకోరా. నీతో మాటాడి ఎన్నాళ్ళయిందో," అనేది. "వత్తనే అమ్మా, డ్యూటీ దిగొచ్చాక కూకుంటాను," అనేవాడు నాన్న బూట్ల తాళ్ళు బిగిస్తూ. దిగొచ్చాక నిద్ర. లేచాక అన్నం. అన్నం తింటుండగానే డ్యూటీ కబురు. అడవిలో పూటలకి పూటలు ఖాళీగా కూచునే మనిషికి ఇంట్లో ఒక్క గడియ దొరికేది కాదు. మామ్మకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఎల్లు బావూ, ఎల్లు. బండి నిలబడిపోద్ది," అనేది. ఆ తర్వాత ఆయన పడుకున్న చాప మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అలాగే ఉండేది. చాప వెచ్చగా ఉన్నంతసేపు అనుకుంటాను.

ఇక గంఛా సంగతి. గంఛా అంటే మా ఊళ్ళో భుజాన వేసుకునే తువ్వాలు. రైలు బండికి ఆఖరి డబ్బా వెనక ఎల్వీ అని, అంటే లాస్ట్ వెహికిల్ అని, ఒక పలక వేలాడదీస్తారు. బండి స్టేషన్ దాటేటప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్ళు డబ్బాలు లెక్కపెట్టరు, ఆ పలక కనపడిందా లేదా అన్నదే చూస్తారు. కనపడితే బండి పూర్తిగా వచ్చినట్టు. కనపడకపోతే మధ్యలో ఎక్కడో తెగి, కొన్ని డబ్బాలు చీకట్లో పట్టాల మీద ఉండిపోయినట్టు. ఈ నియమాన్ని నాన్న మా సంసారానికి కూడా తగిలించాడు. జుగ్సలాయి బజారుకెళ్ళినా, మేళాకెళ్ళినా, అందరికంటే వెనక నడిచే మనిషి భుజాన ఎర్ర గంఛా ఉండాలి. ముందున్నవాళ్ళు మలుపు తిరిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూడాలి. ఎరుపు కనపడితే "ఆల్ రైట్" అని అరిచి ముందుకి సాగాలి. ఆగడాలూ, పేర్లు పెట్టి పిలవడాలూ లేవు. ఎప్పుడూ వెనకబడేది మామ్మే కాబట్టి గంఛా ఎప్పుడూ ఆవిడదే. దానికి చుట్ట వాసన పట్టేసింది. బజారులో హిందీవాళ్ళూ సంతాలీవాళ్ళూ మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు. కాలనీలో మిగతా తెలుగు గార్డుల పిల్లలు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళిళ్ళలోనూ ఇలాంటి వేషాలు ఏవో ఉండే ఉంటాయి.

అలాంటి రోజుల్లో ఆ పార్కు తెరిచారు. జెయింట్ వీలూ, గుహలో తిరిగే చిన్న రైలూ, భూత్ బంగళా, అన్నీ ఒక కొలను చుట్టూ వలయంగా కట్టారు. నాన్నకి ఒక రోజు రెస్టు దొరికింది, పొద్దు వాలాక మళ్ళీ డ్యూటీ. ఆ ఒక్క పగట్లో మాకు పార్కంతా చూపించాలని కంకణం కట్టుకున్నాడు. ట్రెక్కరు జీపు దిగగానే అమ్మ చేతిలోని పులిహోర పొట్లాల సంచీ సర్ది, మామ్మ భుజాన గంఛా వేసి, "డ్యూటీలో ఎలాగూ వెనకే కదా, ఇయాల నానే ఇంజను. బేగి, బేగి," అన్నాడు. జీవితమంతా లూపు లైన్లో నిలబడ్డవాడికి పరుగెత్తడమే సెలవు అని ఇప్పుడు తెలుస్తోంది.

గేటు దాటగానే కొలను. గట్టు మీద రావిచెట్టు నీడ, నీళ్ళలో తలకిందులుగా దల్మా కొండలు. మామ్మ అక్కడే ఆగిపోయింది. "ఓలమ్మ, ఎంత సల్లగుందిరా. ఒరే సూరీ, ఇక్కడ కాసేపు కూకుందారా, నువ్వూ నానూ." నాన్న అప్పటికే జెయింట్ వీలు వైపు పది బారలు ముందున్నాడు. "ముందు అన్నీ సూసేద్దారే అమ్మా. ఆకర్న కూకుందాం. బేగి రా!" అన్నాడు, తల తిప్పకుండానే. అమ్మ ఆయన వెనక, అప్ప అమ్మ వెనక, నేను అప్ప వెనక. మొదటి మలుపులో నాన్న వెనక్కి చూశాడు. చెట్ల సందున ఎరుపు. "ఆల్ రైట్!" అన్నాడు. మేమూ చూశాం. అవును, ఎరుపే.

ఆ పూట ఎంత తిరిగామో, ఏదీ సరిగ్గా చూసిన గుర్తు లేదు. జెయింట్ వీలు పైకి వెళ్ళగానే "దిగాక ఎటు" అని నాన్న అరుపు. చిన్న రైలు ఇంకా ఆగకుండానే దింపేశాడు. ప్రతి మలుపులో మెడ వెనక్కి తిప్పడం, ఎరుపు, ఆల్ రైట్. "అత్త ఇయాల బాగా నడుస్తందే," అంది అమ్మ రొప్పుతూ. అప్పుడే నాకు ఒకటి అనిపించింది. మేం పరుగెత్తితే ఆ ఎరుపు ఎంత దూరంలో ఉందో, వరసలో నిలబడ్డప్పుడు కూడా అంతే దూరంలో ఉంది. మేం ఆగినా దగ్గరికి రావడం లేదు. ఏ మొక్కల గుబురు వెనకో, ఏ స్తంభం పక్కనో సగం కనపడుతూ ఆగుతోంది. మామ్మయితే వరసలోకి దూరి "ఏటి బావూ, అలిసిపోనావా" అని నా తల నిమరాలి కదా. ఎండ నడినెత్తిన ఉంది. చుట్టూ జనం, మైకులో పాటలు. అయినా ఆ మలుపులున్న వైపు నించి మాత్రం ఏ చప్పుడూ వచ్చేది కాదు. ఒక్కసారి వెనక్కి చూసినవాడికి మళ్ళీ చూడబుద్ధయ్యేది కాదు.

కూచుని తినే తీరిక లేదు గనక నిలబడే పులిహోర తినేశాం. "మామ్మ పొట్లం ఇచ్చి రా," అని అమ్మ నన్ను పంపింది. వెనక్కి నడిచాను. నేను నడిచేకొద్దీ ఎరుపు కొంచెం కొంచెం వెనక్కి తగ్గింది. కొలను పక్క పిట్టగోడ మలుపు దాకా వెళ్ళాను. గోడకి అవతల, మొక్కల వెనక, గంఛా కొస మాత్రం కనపడుతోంది. చుట్ట వాసనా వచ్చింది, దాంతోపాటు బొగ్గు వాసన కూడా వచ్చింది. "మామ్మా," అన్నాను. నాకెందుకో అక్కణ్ణించి ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. పొట్లం గోడ మీద పెట్టి వెనక్కి తిరిగాను, నాలుగడుగులు వేసి చూశాను. గోడ మీద పొట్లం లేదు. "ఇచ్చేవేటి?" అంది అమ్మ. "ఆఁ," అన్నాను. ఇచ్చినట్టే కదా.

తర్వాత భూత్ బంగళా. దాన్ని గురించి నేను చెప్పే కథలు వేరే చాలా ఉన్నాయి, వాటిల్లో ఒక అస్థిపంజరం నన్ను బీడీ అడుగుతుంది. నిజానికి లోపల ఉన్నవి అట్టముక్కల దయ్యాలు, ఎర్ర బల్బులు. చీకటి సొరంగంలో ముందు నించి నాన్న గొంతు, "బేగి రండి, బేగి, బేగి!" అప్ప జడ పట్టుకుని నడుస్తున్నాను. అప్పుడు నా వెనక నించి, చాలా దగ్గరగా, అదే గొంతు. మా నాన్న గొంతే. "తొందరేటీ లేదు బావూ. నెమ్మదిగా నడు," అంది. భుజం మీద ఒక చెయ్యి పడింది. బరువుగా, వెచ్చగా. చెప్పొద్దూ, ఆ చేతికి నాకు భయం వెయ్యలేదు. బయటికొచ్చి వెలుగులో నాన్న అందరికంటే ముందు నిలబడి ఉండటం చూశాకే అప్ప జడ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. గుహలాంటి చోట మన మాట మనకే తిరిగొస్తుందంటారు. సరే. కానీ వెళ్ళిన మాట ఒకటీ, తిరిగొచ్చిన మాట ఒకటీనా?

పొద్దు వాలుతోంది. నాన్న చెప్పినవన్నీ చూసేశాం, ఆయన మొహంలో గెలిచిన కళ. బయటికెళ్ళే గేటు వేరే వైపుంది, దాని దగ్గర మరోసారి వెనక్కి చూశాడు. భూత్ బంగళా మలుపులో ఎరుపు. "ఆల్ రైట్!" అంటూ వెళ్ళి ట్రెక్కరు జీపులో చోటు పట్టాడు. ఎక్కి కూచున్నాం. మామ్మ రాలేదు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. మామ్మ రాలేదు. "వత్తంది, వెనకే ఉంది," అన్నాడు నాన్న. "సూసేరా మీరు?" అంది అమ్మ. "సూసేను కదా." "అత్త మొకం సూసేరా?" నాన్న గేటు వైపు తిరిగాడు. అమ్మ అప్పని చూసింది, అప్ప నన్ను చూసింది. పొద్దుట గేటు దాటాక మామ్మ మొహం చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. పగలంతా అందరం ఎరుపునే చూశాం. మా నాన్న సర్వీసంతా ఏ భయంతో బతికాడో, తెగిపోయిన డబ్బాలు ఎక్కడో ఉండిపోవడం అన్న భయం, అది ఆ క్షణాన ఆయన మొహంలోకి వచ్చేసింది. జీపులోంచి దూకి లోపలికి పరుగెత్తాడు. వెనకే మేమూ. "అమ్మా! అమ్మా!" అని ఆయన అరుస్తుంటే జనం తప్పుకున్నారు. మలుపులో ఎవరూ లేరు. మొక్కల వెనక ఎవరూ లేరు. నీళ్ళున్న చోటికి వెళ్ళాలంటే ఆయనకి కాళ్ళు రావడం లేదని చూస్తుంటేనే తెలిసిపోయింది.

మామ్మ కొలను గట్టు మీదే ఉంది. పొద్దుట ఎక్కడ ఆగిపోయిందో అక్కడే, రావిచెట్టు నీడలో, కాళ్ళు చాపుకుని, చుట్ట ఆర్పేసి. భుజాన గంఛా లేదు. అంత తృప్తిగా ఉన్న మొహాన్ని నేను ఆవిడలో అంతకు ముందు చూడలేదు. నాన్న ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. "ఇక్కడే ఉండిపోనావేటే అమ్మా? గంఛా ఏది? ఎవులికిచ్చీసినావు?"

మామ్మ వింతగా చూసింది. "ఎవులికేటిరా? నువ్వే కదా తీసుకున్నావు."

"నానా?"

"మరెవులు? వాళ్ళటెల్లగానే వెనక్కొచ్చీసినావు. నీ బదులు నాను నడుత్తానే అమ్మా, నువ్వు కూకో అన్నావు. గంఛా ఏసుకుని అలగెల్తావు, మళ్ళీ వచ్చి నా పక్కన కూకుంటావు. పులిహోర తెచ్చి సగం నాకెట్టి సగం నువ్వు తిన్నావు. ఎన్ని మాటలాడుకున్నాం! మళ్ళీ ఏటీ తెలీనట్టు అడుగుతావేటి?"

మామ్మ పక్కన, గట్టు మీద, పులిహోర పొట్లం కాగితం ఉంది. నలుచదరంగా మడిచి ఉంది. మడత మీద గోటి గీత. పైన గులకరాయి. మామ్మ జన్మలో కాగితం మడవలేదు, ఉండచుట్టి పారేసేది. నాన్న ఆ రాయి తీశాడు, కాగితం విప్పాడు, మళ్ళీ అదే మడతల మీద మడిచాడు. వేళ్ళు వాటంతటవే నడిచాయి. ఆ మడత ఎవరిదో ఆయన వేళ్ళకి తెలుసు. నేను ఆ కాగితాన్ని ముట్టుకుని చూశాను. ఇంకా నూనెగా, పసుపుగా ఉంది. కోసుకోవద్దని చెప్పింది ఇక్కడే.

ఆ రాత్రి డ్యూటీలో, గార్డు సామాను ఉంచుకునే తన లైను పెట్టె తాళం తీసి తెరిస్తే, జెండాల కింద ఆ గంఛా మడత పెట్టి ఉందని నాన్న చెప్పాడు. పెట్టె సంగతి నేను చూడలేదు. చెప్పింది నాన్నే, ఆయనా నాకు తండ్రే కదా, కొంచెం కలిపి ఉండొచ్చు. కానీ గంఛా తిరిగి ఇంటికొచ్చిన మాట నిజం. చుట్టా బొగ్గూ కలిసిన వాసన ఉతికినా పోలేదు. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా నాన్న ముందు నడవలేదు. గంఛా తనే వేసుకుని చివర్న నడిచేవాడు.

ఆయన్ని తినేసింది దయ్యం భయం కాదు. నాన్న అసూయపడ్డాడు. తనమీద తనే. తన తల్లి పక్కన ఒక పగలంతా తీరిగ్గా కూచున్నవాడు ఎవడో ఉన్నాడు, వాడు తనే, కానీ ఆ కూచున్న జ్ఞాపకం తనకి లేదు. డ్యూటీ నించి వచ్చి బూట్లు విప్పకుండా అడిగేవాడు, "ఏటి మాటాడేనే ఆయేల నాను?" అని. "నీకు తెలీదేటి, నువ్వే కదా మాటాడేవు," అనేది మామ్మ నవ్వుతూ. సరదాకి అడుగుతున్నాడనుకునేది. ఇప్పుడు కూచుంటాను చెప్పు అని పక్కన చేరితే అయిదు నిమిషాల్లో నిద్ర ముంచుకొచ్చేది. ఆవిడ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండేది. మామ్మ చివరి జ్వరంలో కూడా అడిగాడు. ఆవిడ కళ్ళు తెరిచి, "తొందరేటీ లేదే అమ్మా అన్నావురా. అదే సానా మాట్లు అన్నావు," అంది. బతికుండగా మా నాన్న నోట ఆ మాట మేమెవరమూ వినలేదు. భూత్ బంగళా చీకట్లో నేను విన్నది ఆయనకి చెప్పనే లేదు. చెబితే ఇంకేం విన్నావని నన్ను అడిగేవాడు, నా దగ్గర ఇంకేం లేదు. రిటైరయ్యాక ఆయనకి పగళ్ళన్నీ ఖాళీయే. మామ్మ కూచునే గుమ్మంలో కూచుని, ఎదురుగా ఖాళీగా ఉన్న మామ్మ మంచం వైపు చూస్తూ, "ఏం మాటాడి ఉంటానురా?" అని నన్నడిగేవాడు. అన్నిటికీ కథ అల్లే నేను ఆ ఒక్కదానికి అల్లలేకపోయాను.

అంచేత పింకీకి ఫోన్లో జవాబు చెప్పలేదు. నువ్వే నొక్కుకోమన్నాను. అది ఫాస్ట్ నొక్కింది. బిర్సానగర్ నించి అప్పా, బావా, పింకీ వచ్చి పర్సుడీహ్‌లో అమ్మనీ నన్నూ ఎక్కించుకున్నారు. నేను ట్రంకు అడుగు నించి గంఛా తీసి భుజాన వేసుకున్నాను. "అరే మామా, యే క్యా హై? పెళ్ళికా?" అని పింకీ నవ్వింది. అందరి ఫోన్లూ కలిపేసిందట, ఎవరెక్కడున్నారో చుక్కల్లా కనపడతారట. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసే పనే లేదు. అప్పట్లో మెడ తిప్పి ఎరుపైనా చూసేవాళ్ళం, ఇప్పుడు చుక్క చూస్తే చాలు. మొహం చూడకపోవడం మాత్రం మారలేదు. అప్ప నా భుజం వైపు చూసింది. కారులో కిటికీ వైపు తిరిగి కూచుంది.

పార్కు గుర్తుపట్టలేకుండా మారింది. కొలను మాత్రం అక్కడే ఉంది, రావిచెట్టు కూడా. చేతికి కాగితం పట్టీలు కట్టించుకుని లోపలికెళ్ళగానే అమ్మ ఆగిపోయింది. మోకాళ్ళు పట్టుకుని నీళ్ళ వైపు చూసింది. "ఒరే బావూ," అంది, అంతే. ఇంకేమీ అడగలేదు. అడగకూడదని నేర్చుకున్న మనిషి. ముందు నించి పింకీ కేక, "మామా, అమ్మమ్మా, చలో చలో! లైను పెరిగిపోతోంది!" నేను ముందుకి చూశాను, అమ్మని చూశాను. ఆ రోజు నాన్న ఆగకుండా వెళ్ళిపోయింది ఇక్కణ్ణించే. "మీరు వెళ్ళండి. మేం కూచుంటాం," అన్నాను.

గట్టు మీద కూచున్నాం. అమ్మ పులిహోర తెచ్చింది, ఈ పార్కులో బయటి తిండి తేకూడదన్న బోర్డు కిందనించి చీర కొంగులో దాటించి. తన చిన్నప్పటి చోడి అంబలి గురించి చెప్పింది, ఎండు నెత్తళ్ళ చేపల వాసనకి మొదటిసారి నాన్న ఎలా తుమ్మాడో చెప్పింది. తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళతో పెళ్ళికి ఒప్పుకున్నాడట. ఇద్దరం నవ్వాం. ఎండ పెరుగుతుంటే గంఛా తీసి గట్టు మీద పెట్టాను.

కొంతసేపటికి ఫోను. పింకీ రొప్పుతోంది. "మామా, వెనకాలే వస్తున్నావు కదా, మాతో రైడు ఎక్కొచ్చుగా? అంత దూరంగా మొక్కల్లో ఎందుకు నిలబడతావ్? భూత్ జైసా!"

"నేను కొలను దగ్గరే ఉన్నానే," అన్నాను.

"ఝూట్ మత్ బోలో మామా, అబద్ధాలొద్దు. ఎర్ర గంఛా కనిపిస్తోంది నాకు," అని పెట్టేసింది.

గట్టు మీద చూశాను. గంఛా లేదు. అది పెట్టిన చోట రాయి వెచ్చగా ఉంది, అంతే. గాలి లేదు. నీళ్ళలో కొండలు కదలడం లేదు. నేను లేవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ ఆశ్చర్యపోయినట్టు లేదు, చాలా ఏళ్ళుగా దీని కోసమే కనిపెట్టుకున్నట్టుంది.

"ఎవుడో నడుత్తన్నాడు కదా," అంది. "నువ్వు కూకో."

కూచున్నాను. నెత్తళ్ళ కథ ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి మళ్ళీ చెప్పమన్నాను. ఒక్క మాట పోకుండా వింటున్నాను. రేపు ఎవరైనా అడిగితే, ఆ రోజు నేనేం మాట్లాడానో నాకు తెలిసి ఉండాలి. పులిహోర అయిపోయాక నా చేతులు ఆ కాగితాన్ని నలుచదరంగా మడిచి, గోటితో గీశాయి. రాయి కోసం చుట్టూ వెతికాను. అమ్మ అప్పటికే ఒకటి ఏరి, అరచేతిలో పెట్టుకుని నా వైపు చెయ్యి చాపి ఉంది.